ఇడ్లీ రేకులో మట్టి

భూమికి ఎవరైనా కన్నం పెడుతుంటే ఆగి చూడకుండా నేను ముందుకు వెళ్ళలేను. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు ఇది. తెనాలిలో మా వీధి చివర అపార్టుమెంటుకి పునాదులు తీస్తుంటే కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు మాడి, పొగ వీధిలోకి వచ్చి, పక్కింటావిడ గోడ మీంచి అరిచాక గానీ నాకు ఇల్లు గుర్తు రాలేదు. "ఏంటమ్మా, ఏమన్నా పడిపోయిందా గోతిలో?" అని అడుగుతారు కూలీలు. ఏమీ పడిపోలేదు, లోపల ఏముందో చూద్దామని అంటే అదోలా చూస్తారు. చూడనీ. కాళ్ళ కింద అంత సరుకు ఉండగా, అదేంటో ఎవరికీ పట్టకపోవడమే నాకు వింత.

అలాంటిదాన్ని, మా పిన్ని ఫోన్ చేసి "బోరు వేయిస్తున్నామే, రా" అంటే ఆగుతానా? మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కేశాను.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. రేపల్లె నుంచి నిజాంపట్నం హార్బరుకు వెళ్ళే రోడ్డు మీద టిఫిన్ హోటలు నడుపుతుంది. హోటలంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బయట కట్టెల పొయ్యి, గోడకి బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. చేపల లారీల డ్రైవర్లు, వేలంపాటకి పోయే ఆడవాళ్ళు, వలలు మోసే ఆటోలవాళ్ళు తెల్లారేసరికి అక్కడ దిగుతారు. బాబాయి పోయాక ఆ పొయ్యి మీదే పిన్ని కూతుర్ని చదివించింది, పెళ్ళి చేసి బాపట్ల పంపించింది. ఆ పొయ్యి వెనక నిలబడి, వచ్చినవాళ్ళని పేరు పేరునా పలకరిస్తూ, ఆలస్యంగా వచ్చినవాళ్ళని తిడుతూ ఉంటే తప్ప ఆవిడకి తోచదు.

ఆ హోటలుకి వచ్చిపడ్డ కష్టం నీళ్ళు. రోడ్డుకి అవతల పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాక షెడ్డు ముందున్న చేతి పంపు మెల్లమెల్లగా ఉప్పెక్కింది. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు మీదే ఉంటుంది. టీ పెడితే పాలు విరిగిపోతాయి. టీ విరిగిన హోటల్లో ఇడ్లీ ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఎవడు ఆగుతాడు? లారీలు ఒక్కొక్కటే ఇంకాస్త ముందుకు వెళ్ళి ఆగడం మొదలుపెట్టాయి. పిన్ని ఊళ్ళో మంచినీళ్ళ కుళాయి దగ్గర్నుంచి టిన్నుల్లో నీళ్ళు పట్టి ఆటోలో తెచ్చుకునేది. ఎత్తీ దించీ భుజం పట్టేసింది.

"ఈ వేసవి కూడా ఇట్టాగే ఉంటే మూసేస్తానే," అంది నాతో అంతకుముందోసారి ఫోన్లో. "మూసేస్తే ఎక్కడికి పోవాలి? కూతురింటికేగా. అల్లుడు పెట్టిన అన్నం తింటా, టీవీ చూస్తా కూర్చోవాలి. దానికంటే ప్రభువు నన్ను తీసుకుపోతే నయం."

ఆ అల్లుడే ఇప్పుడు బోరు వేయిస్తున్నాడు. మంచివాడు. బాపట్లలో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే షాపు ఉంది అతనికి. సొంతూరు పల్నాడు వైపు మెట్ట. అత్తగారు తన ఇంటికి రావడం ఇష్టం లేక కాదు, ఆవిడకి ఇష్టం లేదని అతనికి తెలుసు. అందుకే ఎవరూ అడక్కుండానే రిగ్గు మాట్లాడాడు. చెప్పొద్దూ, ఆ సంగతి విన్నప్పుడు అతని మీద నాకు ముద్దొచ్చింది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా డెల్టాలో నీళ్ళు పడతాయా అని ఎవరూ అడగరు. గునపం దింపితే నీళ్ళే. ఏ నీళ్ళు అన్నదే గొడవంతా. వాన నీళ్ళు ఇసుకలో ఇంకి పైన ఉంటాయి, ఉప్పు నీళ్ళు కింద ఉంటాయి. సముద్రం దగ్గరికి పోయేకొద్దీ ఆ పై పొర పల్చబడుతుంది. అందుకని మావాళ్ళు ఇసుక దిబ్బ పక్కన చూసుకుని, పైపైనే పైపు దింపి ఆపేస్తారు. ఇది మా వైపు పంపు కొట్టే ప్రతి ఆడదానికీ తెలుసు. పిన్ని షెడ్డు వెనక, సరుగుడు చెట్ల కింద అలాంటి దిబ్బ ఒకటి ఉంది. బోరు అక్కడే వెయ్యాలని పిన్ని, అల్లుడు ఇద్దరూ అనుకున్నారు. చోటు విషయంలో పేచీ లేదు. పేచీ లోతు దగ్గర వచ్చింది.

నేను వెళ్ళేసరికి రిగ్గు లారీ వచ్చేసింది. దాని వీపు మీద పడుకోబెట్టి ఉన్న ఇనుప స్తంభం మెల్లగా లేచి నిలబడుతుంటే నేను చేతిలో సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయాను. మేస్త్రి ఊరు సంగం జాగర్లమూడి. చెవిలో చిన్న పోగు, మెడలో తువ్వాలు, ఎవరేమన్నా "అట్టాగేనండి" అనే నోరు. మొదలుపెట్టేముందు పిన్ని ప్రార్థన చేసింది. పిన్ని ప్రార్థనలు పొట్టిగా ఉండవు. హార్బరు, పడవలు, లారీలు, బాపట్లలో మనవడి దగ్గు అన్నీ అయ్యాక నీళ్ళ దగ్గరికి వచ్చింది. అంతసేపూ మేస్త్రి ఒక చేత్తో కొబ్బరికాయ పట్టుకుని, తల దించుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఆమెన్ అయ్యాక పక్కకి వెళ్ళి తన కాయ తను కొట్టుకున్నాడు. ఎవరి పద్ధతి వాళ్ళది. ఇంజను స్టార్టయింది.

బోరు అంటే పొడవాటి మేకు లోపలికి దిగ్గొట్టడం లాంటిదేదో అనుకునేదాన్ని నేను. కాదు. నేలలోకి దిగే ఇనుప రాడ్డు లోపల బోలుగా ఉంటుంది. చివర మట్టిని కోసే మూడు రెక్కల బిట్టు. పక్కన తవ్విన గుంటలో చిక్కటి బురద నీళ్ళు కలిపి పెడతారు. పంపు ఆ బురదని రాడ్డు లోపల నుంచి కిందికి తోస్తుంది. అది బిట్టు దగ్గర బయటపడి, తెగిన మట్టిని మోసుకుంటూ రాడ్డు బయట నుంచి పైకొస్తుంది, కాలవలో పడి మళ్ళీ గుంటలోకే చేరుతుంది. అదే బురద తిరిగి తిరిగి పని చేస్తుందన్నమాట. ఎంత తెలివి!

"ఇసుకలో కన్నం పెడితే గోడ కూలదా?" అని అడిగాను మేస్త్రిని.

"బురద నిండుగా ఉన్నంతసేపూ కూలదండి. బురదే గోడండి."

"మరి ఇప్పుడు పైకొచ్చిన మట్టి ఇప్పటిదేనా, ఇందాకటిదా?"

అతను నా వైపు చూసి నవ్వాడు. "ఇందాకటిదేనండి. పైకి రావాలిగా పాపం."

పాపం అన్నాడు మట్టిని. నాకు తెగ నచ్చింది ఆ మాట. వంటింట్లోకి పరిగెత్తి జల్లెడ తెచ్చి కాలవలో అడ్డం పెట్టాను. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా గుప్పెడు మట్టి చిక్కుతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? కలిసిపోకూడదు, వరస తప్పకూడదు. చుట్టూ చూస్తే కడిగి ఆరబెట్టిన ఇడ్లీ రేకులు కనిపించాయి. ఎంచక్కా గుంటలు గుంటలుగా ఉన్నాయి.

"ఓసి నీ మొహం మండా! ఇడ్లీ రేకులో మట్టేంటే?" అని పిన్ని గరిటె పట్టుకుని వచ్చింది.

"ఒక్కటి పిన్నీ, ఒక్కటే."

"ఈ వయసులో మట్టితో ఆటలేంటే నీకు? బుద్ధి లేదా?"

తిట్టింది గానీ, అంచు వంగిపోయి పక్కన పడేసిన పాత రేకు ఒకటి నా మొహాన పారేసింది. ఆ రేకు పట్టుకుని నేను రిగ్గు పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చీరంతా బురద చింది పడి మచ్చలు. అంత సంతోషంగా నేను ఈ మధ్య ఎప్పుడూ లేను.

మొదటి గుంటల్లో పసుప్పచ్చటి సన్న ఇసుక. తర్వాత ఇసుక బరకగా మారింది, గోధుమ రవ్వంత. అందులో చిట్టి చిట్టి నత్త గుల్లలు. వరి పొలం గట్ల మీద కనిపిస్తాయే, అవే. అవి అంత లోపలికి ఎప్పుడు వెళ్ళాయో, ఆ కాలంలో అక్కడ ఏ మడుగు ఉండేదో అని నేను ఆలోచిస్తూ ఉండగా మేస్త్రి ఇంజను జోరు తగ్గించాడు.

"బాబుగారూ, బరక ఇసుక తగిలిందండి. ఇక్కడ ఆపి ఫిల్టరు దింపమంటారా?" ఫిల్టరంటే సన్న చీలికలు కోసిన పైపు. నీళ్ళు లోపలికొస్తాయి, ఇసుక రాదు.

అల్లుడు లారీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అప్పుడేనా? ఇంకా దింపండి," అన్నాడు.

"అట్టాగేనండి."

నా ఒళ్ళు మండింది. "ఏంటి మరిదిగారూ, పాతాళం దాకా తీసుకెళ్తారా మమ్మల్ని? ఇక్కడ పైన నీళ్ళే తియ్యగా ఉంటాయి. కిందికి పోతే సముద్రమే!" అన్నాను.

అతను పకపకా నవ్వాడు. "మీరుండగా సముద్రం పైకొచ్చే ధైర్యం చేస్తుందా వదినగారూ?"

అదీ నా గతి. అత్తగారు అల్లుడి మాటకి ఎదురు చెప్పదు, మా ఇళ్ళల్లో అది లేదు. ఇక ఎదురు చెప్పే హక్కున్నది నాకొక్కదానికే. వదినని కదా. కానీ వదిన మాటంటే వేళాకోళం. పెళ్ళిలో చెప్పులు దాచిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒకర్నొకరం ఏడిపించుకుంటూనే ఉన్నాం. నేను నిజం చెప్పినా అతనికి పరాచికంలాగే వినిపిస్తుంది. మొహం గంటు పెట్టుకుని చెబుదామన్నా కుదరదు, అదీ వేషమే అనుకుంటాడు.

అయినా ఊరుకోలేదు. "మీ అత్తగార్ని అడగండి, ఆవిడకి తెలీదా ఈ నేల సంగతి?" అన్నాను.

అతను అడిగాడు, పాపం. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మరీ అడిగాడు. "అత్తయ్యగారూ, ఇంకాస్త లోతుకి దింపుదామా?"

పిన్ని పిండి చేతులు తుడుచుకుంటూ, పమిట సర్దుకుంటూ లేచి నిలబడింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. చెప్పవే తల్లీ, నోరు తెరవ్వే అని నేను లోపల్లోపల అరుస్తున్నాను.

"మీ ఇష్టం బాబూ. మీకు తెలీందేముంది?" అంది.

రాడ్లు దిగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాల వేళ బల్ల మీద నా ఎదురుగా కూర్చున్నప్పుడు అతను తనంతట తనే చెప్పాడు. "మా ఊళ్ళో మా నాన్న బోరు వేయించాడు వదినగారూ. రాయి మీద రాయి. ఇంక లేవులే అని ఆపించేశాడు. పక్క చేనువాళ్ళు మా కళ్ళ ముందే ఇంకొంచెం దింపారు, ఎగజిమ్మినాయి నీళ్ళు. ఇంకొక్క రాడ్డు దింపి ఉంటే, ఇంకొక్క రాడ్డు దింపి ఉంటే అని పోయేదాకా అదే మాట మా నాన్నది. నేను ఆపలేనండి. ఆపమంటే నా చెయ్యి లేవదు."

ఆ మాటన్నాక నేనింక వెక్కిరించలేకపోయాను. రాయి నేలలో పుట్టినవాడి భయం అది. దాన్ని పట్టుకొచ్చి మా ఇసుకలో దింపుతున్నాడు. తప్పు అనడానికి నోరెలా వస్తుంది?

మధ్యాహ్నం తర్వాత జల్లెడలో నల్లటి జిగురు మట్టి పడింది. వేలికంటితే వదలదు. రెండు మూడు గుంటలు అదే నిండింది. ఆ తర్వాత బూడిద రంగు ఇసుక. దాన్ని అరచేతిలో వేసుకుని నీళ్ళతో కడిగాను. తెల్లటి ముక్కలు మెరిశాయి. నత్తలు కావు. సముద్రపు గవ్వల పెంకులు. హార్బరు దగ్గర ఒడ్డున కాలికి గుచ్చుకుంటాయే, సరిగ్గా అవే. సముద్రం అక్కడికి చాలా దూరం. అయినా ఒకప్పుడు ఈ హోటలు ఉన్న చోటే అలలు కొట్టాయన్నమాట! నాకు ఒళ్ళు జలదరించింది. ఎంత ఆశ్చర్యమో అంత దిగులు కూడా. ఆ గవ్వలు నాకు తియ్యటి కబురు చెప్పడం లేదు.

మంచి మందంగా ఇసుక పొర దొరికిందని సాయంత్రానికి ఆపారు. మర్నాడు పొద్దున ఫిల్టరు, పైపులు దింపారు. చుట్టూ గులకరాళ్ళు పొయ్యకముందే ఒకసారి నీళ్ళు చూద్దామన్నాడు మేస్త్రి. పైన ఇంజను పంపు బిగించి లాగారు. మొదట బురద, తర్వాత కాఫీ రంగు, తర్వాత మజ్జిగ తేట. చివరికి అద్దంలాంటి నీళ్ళు, చెయ్యి పెడితే తోసేసేంత ధార. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చప్పట్లు కొట్టారు. అల్లుడి మొహం చూడాలి అప్పుడు! పండగ.

మా వైపు కొత్త బోరు నీళ్ళు మొదట ఆ ఇంటి ఆడది నోట్లో పోసుకోవాలి. పిన్ని ముందుకొచ్చి దోసిలి పట్టింది. తాగింది. మింగింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"చల్లగా ఉన్నాయి బాబూ," అంది.

మేస్త్రి పుక్కిలించి పక్కకి తిరిగి ఉమ్మాడు. "ధార బాగుందండి," అన్నాడు.

వేలంపాటకి పోతూ ఆగిన ఒకావిడ చప్పరించి, "తేటగా ఉన్నాయమ్మా, కన్నీళ్ళలాగా," అని గబగబా గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నేను తాగాను. ఉప్పు. ఉత్త ఉప్పు. పాత పంపే నయం. ఆ జనం ముందు ఆ మాట అనడానికి నాకు కూడా, ఇంత నోరున్న నాకు కూడా, మనసొప్పలేదు. "మోటారు అక్కర్లేదు మరిదిగారూ, దాని జోరు చూస్తే హార్బరు దాకా అదే పోతుంది," అని ఏదో కూశాను. ఆఖరున అతను తాగాడు. అతని గొంతు ఒక్కసారి కదిలింది, ఆగింది. అత్తగారు చల్లగా ఉన్నాయన్నాక తను ఉప్పగా ఉన్నాయని ఎలా అంటాడు?

పిన్ని ఆ నీళ్ళే చెంబుతో పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కొత్త బోరు నీళ్ళతో మొదటి టీ అల్లుడికి ఇవ్వాలి, అదొక మర్యాద. నేను వెనకాలే వెళ్ళాను. పాలు పోసింది. చూస్తుండగానే విరిగిపోయాయి. తెల్లటి తరకలు పైకి తేలాయి. పిన్ని గరిటెతో వాటిని పక్కకి తోసి, వడకట్టి, ఇంకాస్త పంచదార వేసి, గ్లాసులో పోసింది.

"ఇది తీసుకెళ్ళి ఇస్తావా ఆయనకి?" అన్నాను కోపంగా. "నిజం చెప్పెయ్యి పిన్నీ. హోటలు నీది. పోయేది నీ బతుకు."

"ఆయన నా కోసం వేయించాడే," అంది. కళ్ళనిండా నీళ్ళు. "ఎవరు వేయిస్తారే అత్తకి? బాగాలేదని ఎట్టా అంటాను? మూసేస్తాలే హోటలు. ఏముంది, పిల్లాణ్ణి ఎత్తుకుని కూర్చుంటాను."

అని వెళ్ళి ఇచ్చింది. అతను రెండు చేతులా అందుకున్నాడు. పిన్ని ఎదురుగా నిలబడింది, వెళ్ళిపోవచ్చుగా, వెళ్ళదు. అతను ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. అడుగున మిగిలిన తరకలతో సహా చివరి బొట్టు దాకా తాగాడు. అంత ఘోరమైన టీ ఈ భూమ్మీద ఇంకొకటి ఉండదు.

"బాగుంది అత్తయ్యగారూ," అన్నాడు.

"ఇంకొంచెం పొయ్యమంటారా బాబూ?"

"వద్దండి, చాలండి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి మర్యాద కోసం ఒకరు ఉప్పు మింగుతున్నారు. ఇద్దరి మధ్యా హోటలు మునిగిపోతోంది.

గ్లాసు బల్ల మీద పెట్టి అతను సరుగుడు చెట్ల వైపు వెళ్ళాడు. ఆ బోరు చుట్టూ తిరిగాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి అనుకుంటా, వేళాకోళం లేకుండా నన్నొక మాట అడిగాడు.

"వదినగారూ, మీ ఇడ్లీ రేకు ఏదండీ?"

షెడ్డు వెనక నీడలో పెట్టిన రేకు తెచ్చి అతని ముందు పెట్టాను. ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం. మట్టి ఆరిపోయి రంగులు తేలాయి. పసుపు, బరక ఇసుక, నలుపు, బూడిద. నేను ఒక్కో గుంటా చూపిస్తూ చెప్పాను. ఇది పొలం నత్త, ఇది సముద్రపు గవ్వ. నత్త ఉప్పునీళ్ళలో బతకదు. గవ్వ మంచినీళ్ళలో బతకదు. మధ్యలో మూతలాగా ఈ నల్ల జిగురు. అతను నత్త గుల్లని గోటితో తిప్పి తిప్పి చూశాడు. నేనన్నది నిజమో కాదో నాకూ ఖాయంగా తెలియదు. ఆ గుల్లలు ఏనాటివో, ఇప్పటి నీళ్ళు ఏవో. కానీ ఆ రేకులో మట్టి ఎవరి మొహమాటం లేకుండా ఎదురుగా ఉంది. అది వేళాకోళం ఆడదు.

"మేస్త్రీ," అని పిలిచాడు. "పైపులు పైకి లాగండి. ఈ బరక ఇసుక దగ్గర పెడదాం ఫిల్టరు."

"అట్టాగేనండి," అన్నాడు మేస్త్రి. తర్వాత తల గోక్కున్నాడు. "ఊరికే పైకి లాగితే కింద ఉప్పు ఈ కన్నంలోంచే పైకి ఎక్కుద్దండి. అడుగున బిగించాలండి."

దేంతో బిగించాలి? అల్లుడు రేకు వైపు చూశాడు. నల్ల మట్టి గుంటలో వేలు గుచ్చాడు. "భూమి దేంతో బిగించిందో దాంతోనే," అన్నాడు. అబ్బో అనుకున్నాను. మోటార్లు చుట్టే బుర్ర ఊరికే పోలేదు.

పొలం గట్టు దగ్గర్నుంచి జిగురు మట్టి తట్టలతో తెచ్చి పోశారు. ఇక చూడండి, హోటలు ముందు అందరం కూర్చుని మట్టి ఉండలు కట్టడం! టిఫిన్‌కి వచ్చినవాళ్ళు కూడా ఒక చెయ్యి వేశారు. పిన్ని చెయ్యి పడితే సున్నుండల్లా గుండ్రంగా, వరసగా వచ్చిపడుతున్నాయి. అల్లుడు లుంగీ ఎగ్గట్టి కూర్చుని కట్టాడు. అతని ఉండలు వంకర టింకర. పిన్ని ఏమీ అనకుండా ఒక్కొక్కటీ తీసుకుని మళ్ళీ చుట్టి పక్కన పెడుతోంది. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఉండలు ఎండలో గట్టిపడ్డాక, పైపులు లాగేసి, బురద నిండుగా ఉండగానే ఒక్కొక్కటి కన్నంలో వదిలాం. ప్రతిదానికీ డుబుక్కుమని చప్పుడు. నేను చెవి ఆనించి విన్నాను. మేస్త్రి రాడ్డు దింపి కూరి కూరి, నల్ల పొర ఉన్నంత మేరా నిండిందన్నాడు. దాని పైన, బరక ఇసుకలో, ఫిల్టరు దించి గులకరాళ్ళు పోశారు. పెద్ద మోటారు వద్దని అల్లుడే అన్నాడు. జోరుగా లాగితే కింద ఉప్పుని పైకి పిలిచినట్టేనట. చేతి పంపు బిగించారు.

ఈసారి చప్పట్లు లేవు. ఎవరూ ఊపిరి తియ్యడం లేదు. నేనే పంపు కొట్టాను. బురద, కాఫీ, మజ్జిగ. తేట పడటానికి చాలాసేపు పట్టింది. నా భుజాలు పోయాయి. ధార కూడా సన్నమే. పిన్ని దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తాగింది. చల్లగా ఉన్నాయని గానీ, తేటగా ఉన్నాయని గానీ ఒక్క ముక్క అనలేదు. చెంబు నింపుకుని గబగబా పొయ్యి దగ్గరికి నడిచింది.

గిన్నె మీద నేనూ పిన్నీ వంగిపోయాం. పాలు పోసింది. టీ పొంగింది. ఇంకోసారి పొంగనిచ్చింది. తరక లేదు. చిక్కగా, నున్నగా, ఎర్రగా టీ. పిన్ని పమిటతో మొహం తుడుచుకుని, చేతికొచ్చినంత పంచదార వేసి, గ్లాసు తీసుకెళ్ళి అల్లుడికిచ్చింది.

అతను ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క తాగి ఆగాడు.

"బాగుందా బాబూ?"

"నిజం చెప్పనా అత్తయ్యగారూ?"

పిన్ని మొహంలో రక్తం లేదు. మళ్ళీ ఉప్పేనా దేవుడా అనుకున్నాను.

"పంచదార మరీ ఎక్కువండి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఎక్కువేనండి."

పిన్ని నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తర్వాత ఆవిడ గొంతు లేచింది, ఆలస్యంగా వచ్చిన లారీవాళ్ళని తిట్టే గొంతు. అల్లుడి మీద ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అయితే ఇన్నాళ్ళూ ఎట్టా తాగారండీ? నిన్నటిదాకా కిక్కురుమనలేదే! ఇందాక ఆ విరిగిన టీ కూడా బాగుందన్నారే, ఎట్టా అన్నారు?"

"మీరు ఆ ఉప్పు నీళ్ళు చల్లగా ఉన్నాయన్నారు చూడండి," అన్నాడు అతను. "అట్టాగే."

పిన్ని ఒక్కసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే అతని చేతిలో గ్లాసు లాక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "ఇంకోటి పెడతా. ఈసారి కుదరకపోతే అప్పుడే చెప్పండి," అంది వెనక్కి తిరక్కుండానే.